పగలగొట్టిన చెయ్యే అతకాలి

కూర్మనాథంతో పనిపడితే విజయనగరంలో ఎవరూ ఒంటరిగా వెళ్ళేవారు కాదు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచుది. వీణ బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు చెప్పులు విప్పకముందే తిట్లు మొదలయ్యేవి. ఈ తీగ ఏ గాడిద కట్టిందని, ఈ బిరడా బిగించిన చేతులు పడిపోనూ అని, ఇలాంటి వాడి ఒళ్ళో వీణ పెట్టిన గురువు ఎవడని. తిడుతున్నంతసేపూ చేతులు మాత్రం పనిచేస్తూనే ఉండేవి. తిట్లు అయిపోయే వేళకి వీణ పలికేది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలంటారు కదా. బొబ్బిలి నుంచీ రాజాం నుంచీ కూడా వచ్చి, తన్నులు తిని, వీణ పట్టుకుని పోయేవారు.

అందులోనూ మెట్లు కట్టడంలో అతనికి సాటి లేరు. వీణకి ఇరవైనాలుగు ఇత్తడి మెట్లు. మైనం, గుగ్గిలం, మసి కలిపి కాచి, వీణ దండి మీద పోసి, అది ఆరిపోయేలోగా ఒక్కొక్క మెట్టునీ చెవితో వింటూ జరిపి నిలబెట్టాలి. వెంట్రుకవాసి అటు జరిగితే స్వరం ఎక్కుతుంది, ఇటు జరిగితే దిగుతుంది. కొలబద్దలు పెట్టి కొలిచేవాళ్ళని చూస్తే అతనికి ఒళ్ళుమంట. చెవులున్నవాడికి కొలబద్ద ఎందుకనేవాడు.

ముప్ఫై ఏళ్ళలో అతను తప్పు కట్టిన మెట్టు ఒక్కటే. అది కూడా తెలియక కట్టింది కాదు.

అరవైనాలుగులో జరిగింది. అతను కూడా వీణ వాయిస్తాడు, వాయిస్తానని గట్టిగానే నమ్ముతాడు. విశాఖపట్నం రేడియో వాళ్ళు కళాకారుల్ని ఎంపిక చేస్తున్నారంటే వెళ్ళి వాయించి వచ్చాడు. పనికిరావని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం వచ్చిన నెలకి భార్య తమ్ముడు చంద్రశేఖరం వీణ పట్టుకుని దిగాడు. తాను కూడా అదే పరీక్షకి వెళ్తున్నాడట, మెట్లు వదులయ్యాయట, బావ కట్టిస్తే ధైర్యమట. పాతికేళ్ళవాడు, నవ్వుమొహం. ఆ మొహం చూస్తుంటే కూర్మనాథానికి ఉత్తరంలో పనికిరావన్న ముక్కే కళ్ళముందు ఆడింది. ఇరవైమూడు మెట్లూ కడిగిన ముత్యాల్లా కట్టాడు. అంతర గాంధారం మెట్టు దగ్గరకొచ్చేసరికి, వేడి మైనంలో దాన్ని వెంట్రుకవాసి వెనక్కి జరిపి, వేలితో నొక్కిపట్టి, మైనం ఆరేదాకా అలాగే ఉంచాడు. స్వరం ఆ కాస్తా దిగిపోయింది. మామూలు చెవికి అందదు. పరీక్ష పెట్టేవాళ్ళ చెవికి అందుతుంది.

చంద్రశేఖరం నెగ్గాడు. ఎలా నెగ్గాడో కూర్మనాథానికి అర్థం కాలేదు. కుర్రవాడు స్వీట్లు తెచ్చి, కాళ్ళకి దండం పెట్టి, ఒకే మాట అన్నాడు.

“బావా, మీరు కట్టిన మెట్లని ఇంకొకరిచేత ముట్టించను.”

అది వెటకారమో, కృతజ్ఞతో తేలలేదు. తేలకపోవడమే అతన్ని కాల్చేసింది. పరీక్ష పోయినవాడి ఇంటికి స్వీట్లు తెస్తావా, ఎగతాళా అని పొట్లం వీధిలోకి విసిరేసి, బావమరిదిని గడప దాటించాడు. ఆ గుమ్మం తొక్కితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దని భార్యకి కూడా చెప్పేశాడు. తప్పు చేసినవాడికే కోపం ఎక్కువ.

భార్య జ్ఞానాంబ అంత సులువుగా నోరు మూసుకునే మనిషి కాదు. కానీ ఎప్పుడు తెరవాలో తెలిసిన మనిషి. వైణికుడి కూతురు, పెళ్ళికి ముందు తండ్రి దగ్గర పదేళ్ళు వీణ నేర్చుకుంది. కాపరానికొచ్చాక ఇంటినిండా ఊళ్ళోవాళ్ళ వీణలే గాని ఆమెదంటూ ఒక్కటి లేదు. ఎన్నిసార్లు అడిగినా ఈ వీణ అయ్యాక, ఆ వీణ అయ్యాక అంటూ పద్దెనిమిదేళ్ళు గడిపేశాడు. ఆమె అడగడం మానేసింది. మర్చిపోలేదు.

అరవైఎనిమిదిలో ఆ ఇంటికి రేడియో వచ్చింది. వీధి చివర గణపతిరావు అని కాలేజీలో ఫిజిక్స్ ప్రయోగాలు చేయించే ఆయన ఉండేవాడు. ఆయన కూతురికి జ్ఞానాంబ సరళీస్వరాలు నేర్పినందుకు ఆయన తన చేతులతో ఒక చిన్న సెట్టు చేసిచ్చాడు. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. చెక్క మీద ఒక రాతిముక్క, దానికి ఆనుకునే సూదిలాంటి తీగ, ఒక తీగచుట్ట, పెరట్లో కొబ్బరిచెట్టు నుంచి ఇంటికప్పు దాకా లాగిన రాగితీగ. అంతే. అయితే పాట బయటికి వినపడదు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకే. అవి యుద్ధంనాటి మిలటరీ హెడ్‌ఫోన్లు, నల్లగా, ఇనపపట్టీతో, బండెద్దు మెడకి కాడి కట్టినంత బరువు.

రేడియో పేరెత్తితేనే మండిపడే కూర్మనాథం దీన్ని మాత్రం సహించాడు. తన చెవిన పడదు కదా, ఏడవనీ అనుకున్నాడు. బావమరిది నుంచి అక్కకి కార్డు వచ్చేదాకా అలాగే అనుకున్నాడు. గురువారం ఉదయం ఎనిమిదిన్నరకి ఒక కచేరీ, ఆ పై వారం ఆదివారం అదే వేళకి మరొకటి, వీలైతే విను అక్కా అని రాశాడు చంద్రశేఖరం.

కార్డు చదివిన దగ్గర్నుంచి కూర్మనాథానికి అన్నం దిగలేదు. ఊళ్ళో ఇంకెవరు విన్నా భయంలేదు. జ్ఞానాంబ చెవి సంగతి అతనికి తెలుసు. పక్కగదిలో ఉప్మా కలుపుతూ, మూడో తంత్రి దిగింది చూసుకోండి అనే మనిషి. ఆ గాంధారం ఒక్కసారి ఆమె చెవిన పడితే, కట్టినవాడెవడో అడగక్కర్లేదు. నాలుగేళ్ళుగా అతను మొహం ఎత్తి తిరుగుతున్నది ఆమెకి తెలియదన్న ధీమా మీదే.

గురువారం వచ్చింది. జ్ఞానాంబ తలస్నానం చేసి, సెట్టు ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కాసేపటికి ఆమె మొహం విప్పారింది. తమ్ముడి పేరు చెప్పారన్నమాట. ఇంకో నిమిషంలో తీగ మీటుతాడు. కూర్మనాథం ఒక్క అంగలో వెళ్ళి, పొద్దున్నే ఈ గోలేవిటని అరుస్తూ, హెడ్‌ఫోన్లు ఆమె తలమీంచి ఊడబెరికి విసిరేశాడు. అవి పోయి రుబ్బురోలుకి తగిలాయి.

జ్ఞానాంబ ఏడవలేదు. లేచి, ముక్కలన్నీ కొంగులో ఏరుకుని, అతని పనిబల్ల మీద కుమ్మరించింది.

“పగలగొట్టిన చెయ్యే అతకాలి. ఆ పై ఆదివారానికి బాగుచేసి పెట్టండి. లేదంటే శనివారం బండెక్కి విశాఖపట్నంలో తమ్ముడింటికెళ్ళి, ఎదురుగా కూచుని వింటాను. మళ్ళీ రాను.”

ఆ తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది. చెప్పవలసినవి పాలు పొయ్యడానికి వచ్చే దేముడమ్మకి చెప్పేది, అతను పక్కనే ఉండగా. దేముడమ్మా, ఈ ఇంట్లో ఒకరికి చెప్పు, బియ్యం నిండుకున్నాయని. దేముడమ్మా, ఒకరికి చెప్పు, చేతులున్నది విసిరెయ్యడానికే కాదని. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు దేముడమ్మ చెంబు దించేసింది.

“నాను పాలు పొయ్యడానికొచ్చినాను తల్లీ. మీ ఇద్దరికీ మధ్యన నానేటి, గోడనా? పంతులుబాబూ, తమరైనా సెప్పండి, ఆడమనిసి వస్తువు అలగ ఇసిరేస్తే ఏటి బాగుంటాది?”

నీ పాలల్లో నీళ్ళ సంగతి నువ్వు చూసుకో అన్నాడు కూర్మనాథం. అయితే అదే రోజు పనిబల్ల దగ్గర కూర్చున్నాడు. వేరే దారి లేదు. బాగుచెయ్యకపోతే ఆమె ఆ ఇంటికే వెళ్ళి, ఆ వీణనే కళ్ళతో కూడా చూస్తుంది. బాగుచేస్తే ఇక్కడే వింటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఒక్క సందు కనిపించింది. బాగుచేసినట్టే ఉండాలి, కాని అందులో పాట మసకగా, నూతిలోంచి వచ్చినట్టు రావాలి. అప్పుడు ఏ గాంధారమూ తేలదు. బాగుచెయ్యలేదని ఆమె అనడానికీ వీలుండదు.

గణపతిరావు వచ్చి, నేను చూడనా అన్నాడు. నా చెవులు, నా చేతులు ఇంకా ఉన్నాయి అని కూర్మనాథం పంపించేశాడు. పోతూ పోతూ ఆయన కొన్ని కిటుకులు గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. కూర్మనాథం విననట్టు నటిస్తూ అన్నీ విన్నాడు.

నల్లటి మూత మర తిప్పితే, లోపల పలచటి ఇనపరేకు. దాని కింద అయస్కాంతం, అయస్కాంతం కొనలకి రెండు తీగచుట్టలు. ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం. రోలుకి తగిలిన వైపు తీగ తెగింది, రేకు సొట్టపోయింది. రెండు చెవులకీ తీగ ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉండటంతో, ఒకటి తెగితే రెండోది కూడా మూగే. మొగుడూ పెళ్ళాల లాగ, అనుకుని, ఆ అనుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు.

తెగిన కొనల్ని బ్లేడుతో గీకి, మెలిపెట్టి, టంకం వెయ్యాలి. టంకం పెట్టే కాడ ఇంట్లో లేదు. మేకుని కుంపట్లో కాల్చి పట్టుకున్నాడు. టంకం అతకడానికి గుగ్గిలం కావాలన్నాడు గణపతిరావు. గుగ్గిలానికి ఆ ఇంట్లో కరువా. మెట్లు కట్టే మైనంలో కలిపే గుగ్గిలమే చిటికెడు వేశాడు. పొగ లేచింది. ఆ వాసనకి నాలుగేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం ముక్కులోకి ఎక్కి కూర్చుంది. వేలు ఆ మెట్టుని ఎలా నొక్కిపట్టిందో వేలికే జ్ఞాపకం వచ్చింది. కాల్చిన మేకు జారి చెయ్యి కాలితే, మేకునీ, గణపతిరావునీ, రేడియో కనిపెట్టినవాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. వంటింట్లోంచి వెన్న రాలేదు. ఎప్పుడైనా చెయ్యి కాలితే వెన్న వచ్చేది.

రేకు దగ్గర అతను తప్పు చేశాడు. వంకరపోయిన ఇత్తడి మెట్టుని రాతి మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సరిచెయ్యడం అలవాటు. రేకుని కూడా అలాగే తట్టాడు. ఇత్తడి మెట్టు లావు, దెబ్బకి లొంగుతుంది. ఈ రేకు తట్టినకొద్దీ అప్పడంలా బొబ్బలెక్కింది. మరో రేకు కావాలి, పలచటిది, ఇనుముది. ఇల్లంతా వెతికాడు. నూనెడబ్బా రేకు లావు. చివరికి దొరికినది తన పొడుండబ్బా మూత. పాతికేళ్ళుగా నడుమున ఉన్న డబ్బా. పళ్ళు కొరుక్కుంటూ కత్తిరించాడు. ఆ రోజు నుంచి పొడుం కాగితప్పొట్లంలో పెట్టుకోవాల్సివచ్చింది.

అసలు కీలకం రేకుకీ అయస్కాంతానికీ మధ్య ఉండే సందు. రేకు అంటుకుపోతే పలకదు, దూరమైపోతే మూలుగుతుంది. మధ్యలో కాగితం చక్రాలు కత్తిరించి పెట్టి సందు కుదర్చాలి. చక్రాలకి కాగితం వెతుకుతూ బావమరిది కార్డు తీసుకున్నాడు. కసికొద్దీ తీసుకున్నాడు. విను అక్కా అన్న ముక్క కత్తెర కింద పడింది. గుమ్మంలో నిలబడి జ్ఞానాంబ అది చూసి లోపలికి పోయింది.

శనివారం మధ్యాహ్నానికి పని అయింది. హెడ్‌ఫోన్ల పగిలిన నల్లమూతని మైనంతో అతికాడు. రెండు వైపులా రెండేసి కార్డు చక్రాలు పెట్టి బిగించి, సెట్టుకి తగిలించి విన్నాడు. ఎవరో వార్తలు చదువుతున్నారు. మాట తెలుస్తోంది, గొంతు తెలియడం లేదు. సరిగ్గా కావలసినట్టే ఉంది. ఈ మసకలో గాంధారమూ రిషభమూ ఒకటే. పని పూర్తయిందని తీసి బల్లమీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

కడుక్కుని తిరిగొచ్చి, వాటి వంక చూశాడు. పక్కకి తిరిగి ఒక వీణకి తంత్రి బిగించబోయాడు. మళ్ళీ చూశాడు.

అతనిలో మంచితనం మేలుకుందని ఎవరైనా అంటే నమ్మకండి. మేలుకున్నది పొగరు. ఈ హెడ్‌ఫోన్లు రేపు గణపతిరావు పెట్టుకుంటాడు. ఇంతేనా, కూర్మనాథం చెయ్యి పడ్డాక కూడా ఇంతేనా అంటాడు. ఊరంతా అంటుంది. రేడియో వాళ్ళు పనికిరావన్నది నిజమేనంటుంది. ఒకసారి తెలిసి తెలిసి తప్పు కట్టింది ఆ చెయ్యి. ఇంకొకటి ఆ చేతివల్ల కాదు. మూతలు మళ్ళీ విప్పి, రెండు వైపులా ఒక్కొక్క చక్రం తీసి పారేసి, మిగిలినదాన్ని కూడా చాకుతో గీకి పలచన చేసి, తంబూరా శ్రుతి చూసినట్టు రెండు చెవులూ ఒక్కలా పలికేదాకా సవరించాడు. సాయంత్రానికి వార్తలు చదివే ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఛీ, అనుకున్నాడు. తన మెడకి తనే ఉరి పేనుకున్నట్టుంది.

ఆదివారం ఎనిమిదిన్నర. జ్ఞానాంబ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. కూర్మనాథం ఎదురుగా గోడవారగా వీణ ఒకటి పెట్టుకుని, పని చేస్తున్నట్టు గీకుతున్నాడు. అతనికేమీ వినపడదు. కానీ ఆమె ఎడమచెయ్యి కనపడుతోంది.

ఆమెకి ఆ అలవాటుందని అతను మర్చిపోయాడు. పాట వింటే ఆమె ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద వీణ వాయిస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆమెకున్న వీణ ఆ మోకాలే. వేళ్ళ నడక చూస్తే శంకరాభరణం అని తెలిసిపోయింది. సగం ప్రాణం అప్పుడే పోయింది. శంకరాభరణంలో ఉండేది ఆ అంతర గాంధారమే, దాని మీద వేలు ఊరికే ఆనిస్తే చాలు, తీగ లాగక్కర్లేదు. స్వరం తిన్నగా నిలబడుతుంది.

వేలు షడ్జమం మీంచి రిషభానికి వెళ్ళింది. గాంధారం చోటుకి వచ్చింది. ఆగింది. ఆగి, చీర మీద పక్కకి కాస్త జరిగింది, తీగని లాగి స్వరం పైకెక్కించినట్టు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జరిగింది. మూడోసారి చెయ్యి మొత్తం ఆగిపోయింది. జ్ఞానాంబ తలెత్తి అతని వంక చూసింది.

“ఆ వీణకి మెట్లు కట్టింది మీరే కదూ.”

పది రోజుల తర్వాత ఆమె అతనితో నేరుగా అన్న మాట అది. కూర్మనాథం గీకడం ఆపలేదు. నాలుగేళ్ళయింది, విశాఖపట్నం ఎండలు, మైనం కరిగి జారి ఉంటుందని ఏదో గొణిగాడు.

“మైనం కరిగితే మెట్లన్నీ జారతాయి. గాంధారం ఒక్కటే జారుతుందా?”

ఆమె లేచి వచ్చింది. గొంతు పెంచలేదు.

“నా తమ్ముడు నాలుగేళ్ళ నుంచీ మీ పరువు వేలితో పైకి లాగుతున్నాడు. ఇంకొకడి దగ్గర సరిచేయించుకుంటే మీ పేరు పోతుందని అలాగే ఉంచుకున్నాడు. వాణ్ణి మీరు గడప దాటించేరు. వినండి.”

హెడ్‌ఫోన్లు తన తలమీంచి తీసి అతని తలకి తగిలించింది. తీగ పొడవు చాలక అతను సెట్టు దాకా మోకాళ్ళ మీద జరగవలసివచ్చింది.

వీణ రెండు చెవుల్లోనూ నిండుగా పలుకుతోంది. అంత బాగా కుదిరింది పని. చంద్రశేఖరం గాంధారం మీదకి వచ్చిన ప్రతిసారీ, వేలు తీగని లాగుతున్న సన్నటి రాపిడి, ఆ వెనకే నిలబడిన స్వరం. తప్పు తప్పుగా వినపడకముందే సరిదిద్దేస్తున్నాడు. ఇలా లాగడం ఎవరికైనా మహాకష్టం. పరీక్ష రోజున, పదిమంది ఎదుట, అప్పటికప్పుడు కనిపెట్టి లాగి ఉంటాడు. అక్కడే ఆ కుర్రవాడు తన కన్నా ఎంత పెద్ద వైణికుడో కూర్మనాథానికి తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. హెడ్‌ఫోన్లు తీసెయ్యాలనిపించింది. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. చివరిదాకా విన్నాడు.

అయిపోయాక జ్ఞానాంబ అడిగింది.

“మైనం ఉందా ఇంట్లో?”

“ఉంది.”

“పొద్దుటి బండికి బయల్దేరండి. అది సరిచేసొచ్చేదాకా నాతో మీకు మాటల్లేవు.”

మర్నాడు తెల్లవారి దేముడమ్మ పాలచెంబుతో వచ్చేసరికి, కూర్మనాథం సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగుతున్నాడు. సంచిలో మైనం ముద్ద, గుగ్గిలం, చిన్న సుత్తి. ఏ ఊరికో వీణ బాగుచెయ్యడానికి వెళ్ళడం అతని చరిత్రలో లేదు, వీణలే అతని దగ్గరికి రావాలి. దేముడమ్మ వింతగా చూసి, తిట్లకి సిద్ధపడే అడిగింది.

“ఏటి పంతులుబాబూ, ఎక్కడికి పయనం?”

“విశాఖపట్నం. మెట్టొకటి తప్పు కట్టి ఉంది, సరిచెయ్యాలి.”

“ఏ సచ్చినోడు కట్టినాడు బాబూ?”

కూర్మనాథం చెప్పులు వేసుకున్నాడు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“నేనే కట్టేను,” అన్నాడు.